కారం చేతులు

ఎండలు ముదిరే నాటికి ప్రేమదాసు చేతిలో ఉన్నవి ఇవీ. చిలకలూరిపేట పాత హైవే పక్కన రెండు షట్టర్ల కొట్టు. అందులో బాగుచేసి, తుడిచి, వరసగా నిలబెట్టిన పాత ఫ్రిజ్‌లు, కూలర్లు, వాషింగ్ మిషన్లు. అడిగినవాళ్ళకు గుంటూరు డీలరు దగ్గర నుంచి కొత్త సరుకు తెప్పించి ఇచ్చే ఏర్పాటు. సంచిలో ఒక టెస్టరు, కరెంటు లీకేజీ చూసే ఒక మెగ్గరు, హోల్డరుకు రెండు వైర్లు కట్టిన బల్బు. వీటన్నిటికీ పైన, ఊళ్ళో ఒక మాట: "ప్రేమదాసు చెప్పాడంటే చూసే చెప్పుంటాడు." ఈ చివరిది అరలో పెట్టి అమ్మే సరుకు కాదు. కానీ అరల్లో ఉన్నవన్నీ దాన్ని చూసే అమ్ముడయ్యేవి. అందుకే దాన్ని ఎప్పుడూ ఊరికే ఖర్చు పెట్టలేదు.

ఆడిటరు త్యాగరాజు గారి ఇంటి నుంచి ఫోను రాగానే చేతిలో పని వదిలేసి వెళ్ళాడు. ఆడిటరు గారంటే ఒక్క ఇల్లు కాదు. ఆయన దగ్గర లెక్కలు రాయించుకునే జిన్నింగు మిల్లుల వాళ్ళూ, మిర్చి కోల్డ్ స్టోరేజీల వాళ్ళూ ఆయన మాట మీదే బేరాలకు వస్తారు.

వంటింటి వెనక అంట్లు తోమే చోట గచ్చంతా తడిగా ఉంది. ఒక మూల వాషింగ్ మిషను. దానికి ఎడంగా, గోడకు ఆనుకుని కొండమ్మ నిలబడి ఉంది, కొంగు నడుముకు దోపుకుని, చేతులు రెండూ ఒంటికి దగ్గరగా పెట్టుకుని. ప్రేమదాసు వాళ్ళ పేట మనిషే. ఒకే చర్చి. పొద్దున ఈ వీధిలో ఇళ్ళ పనులు చేసి, ఎండెక్కాక మిరప కల్లానికి తొడిమలు తీయడానికి పోతుంది. ఆమె చెప్పులు గేటు బయట ఉన్నాయి. పనివాళ్ళ చెప్పులు ఆ వీధిలో ఏ ఇంట్లోనూ గేటు దాటవు.

"చూడు ప్రేమదాసూ," అంది ఆడిటరు గారి భార్య బాలసరస్వతి. "మిషను ముట్టుకుంటే షాక్ కొడుతోందంటుంది. నేను రోజూ ముట్టుకుంటూనే ఉన్నాను. నిన్న గుడ్డలు తియ్యమంటే తియ్యనని కూర్చుంది."

"షాకని ఎప్పుడన్నానమ్మా? జివ్వుమంటంది అన్నా," అంది కొండమ్మ. "చెయ్యి పెడితే మోచేతి దాకా జివ్వుమంటంది. తీస్తే పోద్ది. నిజమో కాదో ఈ అబ్బాయి చూస్తాడుగా."

బాలసరస్వతికి మడమల నొప్పి. ఇంట్లో కూడా మందపాటి రబ్బరు చెప్పులతో తిరుగుతుంది. ప్రేమదాసు ఆ చెప్పులూ చూశాడు, కొండమ్మ తడి కాళ్ళూ చూశాడు. చూసి, ఆ రెండింటినీ కలిపి లెక్క కట్టలేదు. సంచిలోంచి టెస్టరు తీసి మిషను వెనక స్క్రూకు ఆనించాడు. అందులో ఎర్రగా, సన్నగా వెలుగు కదిలింది.

"బాడీకి కరెంటు వస్తోందమ్మా."

"చూశారా!" అంది కొండమ్మ. గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చింది.

"మన బోరు నీళ్ళ ఉప్పు సంగతి తెలిసిందే కదా. లోపల నీళ్ళు కాచే కాయిల్ పోయుంటది. దీన్ని బాగుచేసుకుంటా కూర్చునే కన్నా కొత్తది తీసుకోవడం మేలు. పాతది నేను పట్టుకెళ్తా."

ఆ మాట అన్నప్పుడు అది అబద్ధం కాదు. అలా అయి ఉండవచ్చు. అయి ఉంటే బాగుండునని కూడా ఉంది.

మర్నాడే కొత్త మిషను దించి, పాతది పాత ఇనుము ధర కట్టి ఆటోలో కొట్టుకు తెచ్చాడు. సాయంత్రం ఖాళీ దొరికాక వెనక రేకు ఊడదీశాడు. మెగ్గరు వైరు ఒకటి బాడీకి, ఒకటి కాయిల్‌కు తగిలించి హ్యాండిలు తిప్పాడు. కరెంటు ఎక్కడన్నా బాడీలోకి కారుతుంటే ముల్లు కిందికి పడాలి. పడలేదు. మోటారుకు పెట్టాడు. పడలేదు. నీళ్ళు తోడే పంపు, తలుపు లాకు, లోపలి వైర్లు, ఒక్కొక్కటీ విడదీసి చూశాడు. ముల్లు చివర గీత దగ్గరే నిలబడింది. కాయిల్ మీద ఉప్పు పట్టి ఉంది గానీ చిట్లలేదు.

మిషనుకు ఏ రోగమూ లేదు.

ప్రేమదాసు ముందు నవ్వుకున్నాడు. పాత ఇనుము ధరకు వచ్చింది పరుగులు తీసే మిషను. సింగరాయకొండలో లాడ్జి నడిపే మనిషి ఇలాంటిదే కావాలని ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నాడు. ఫోను చేసి చెప్పాడు కూడా. చెప్పాక రేకు బిగిస్తుంటే ఒక స్క్రూ వంకరగా దిగింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వంకరే. మిషనులో ఏమీ లేకపోతే, మరి ఆ టెస్టరు ఎందుకు వెలిగింది?

ఆ ప్రశ్నకు జవాబు వెతికితే లాభం ఎవరికి, అని తనను తనే ప్రశ్నించుకున్నాడు. మిషను మీద దుప్పటి కప్పి షట్టరు దించాడు.

ఆ వారం దాటకుండానే మళ్ళీ ఫోను. ఈసారి బాలసరస్వతి గొంతులో విసుగు ఉంది. వెళ్ళేసరికి పక్కింటి బిందుమాధవి కూడా అక్కడే ఉంది. కొండమ్మ వాళ్ళింట్లోనూ పని చేస్తుంది.

"కొత్తది కూడా జివ్వుమంటోందట," అంది బాలసరస్వతి. "నువ్వే తేల్చు."

"అవునబ్బాయా. అచ్చం పాతదానికి మల్లేనే," అంది కొండమ్మ. ఈసారి ఆమె గోడకు ఆనుకుని లేదు. మొదటిసారి తన మాట నిలబెట్టినవాడు వచ్చాడని ధైర్యంగా మిషను పక్కనే నిలబడింది.

ప్రేమదాసు చుట్టూ చూశాడు. గచ్చు తడిగా ఉంది. గుమ్మం దగ్గర నల్లటి రబ్బరు పట్టా ఒకటి పరిచి ఉంది. కాళ్ళు వాటంతట అవే దాని మీదికి వెళ్ళాయి. కాళ్ళు వెళ్ళాయనడం మర్యాదకు. పంపింది అతనే. పట్టా మీద నిలబడి, ఒళ్ళు వంచి, మిషను మీద అరచెయ్యి పూర్తిగా ఆనించాడు. ఏమీ లేదు. ఉండదని తెలుసు. టెస్టరు జేబులోనే ఉంది, తీయలేదు.

ఇది తను అమ్మిన కొత్త మిషను. ఇందులో కరెంటు ఉందంటే డీలరు పూర్తి ధరకు వెనక్కి తీసుకోడు. మిషనులో లేదు, ఇంట్లో ఉందంటే, పాతదాన్ని ఎందుకు మార్పించావని అడుగుతారు. ఏ వైపు నుంచి కూడినా తనకే తరుగు వస్తోంది.

"కల్లానికి పోతన్నావా అత్తా ఈమధ్య?" అన్నాడు.

"పోతన్నా. సీజను కదా."

"తొడిమలు తీసిన చేతులు. కారం లోపలికి దిగుంటది. తడి తగిలితే జివ్వుమనదా మరి?"

బాలసరస్వతి ఊపిరి వదిలింది. బిందుమాధవి నవ్వేసింది. "అంతే అయ్యుంటుంది! మా అత్తగారూ పచ్చడికి మిరపకాయలు దంచిన రోజు చేతులు పట్టుకుని ఇల్లంతా తిరిగేది." ఈ నేల మీద కారం చేతుల సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చెప్పగానే అందరికీ సరిపోతుంది.

కొండమ్మ మాత్రం అతని మొహంలోకే చూస్తోంది.

"కారం మంటకీ దీనికీ తేడా తెలవదంట్రా నాకు? మీ అమ్మ పక్కన కూచుని తొడిమలు తీసినదాన్ని."

"కొత్త మిషను అత్తా."

"ఒక మిషను మార్పించావు కొండమ్మా, ఇంక చాలు," అంది బాలసరస్వతి. "పని చెయ్యలేనంటే చెయ్యలేనని చెప్పాలి గానీ ఈ వంకలు ఎందుకు? రేపటి నుంచి రావద్దులే."

కొండమ్మ బిందుమాధవి వైపు చూసింది. బిందుమాధవి చీర చెంగు సర్దుకుంటూ, "మా ఇంటికి కూడా ఎండాకాలం వెళ్ళాక చూద్దాంలే," అంది.

కొండమ్మ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, గేటు బయట చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ప్రేమదాసు మెట్ల దగ్గర నిలబడి బాలసరస్వతి ఇచ్చిన కాఫీ తాగాడు. చల్లారిపోయింది.

ఆ తర్వాత కొట్లో అతనికి కూర్చోబుద్ధి కాలేదు. కూలరు మోటారు విప్పితే బిగించబుద్ధి కాలేదు. ఒక రైతు ఫ్రిజ్ కోసం వచ్చి, వెనక్కి తిప్పి కూడా చూడకుండా, "నువ్వు బాగుందంటే బాగున్నట్టే," అన్నాడు. ఎప్పుడూ చెవికి ఇంపుగా ఉండే మాట. ఆ రోజు మాత్రం ప్రేమదాసు ఆ ఫ్రిజ్‌ను మళ్ళీ విప్పి, మెగ్గరు పెట్టి, ముల్లు చూపించి గానీ అమ్మలేదు. రైతు విసుక్కుంటూ పట్టుకుపోయాడు.

ఆదివారం చర్చిలో కొండమ్మ ఎప్పుడూ కూర్చునే వరసలో కాకుండా తలుపు దగ్గర కూర్చుంది. ఆరాధన అయ్యాక ఎవరో ఆడమనిషి, "ఏం కరెంటు కొండమ్మా, ఎట్టా ఉన్నావు?" అనడం, పక్కవాళ్ళు నవ్వడం ప్రేమదాసుకు వినిపించింది. ఆ పేరు కల్లంలో పెట్టారట. వీధిలో మిగిలిన ఇళ్ళ వాళ్ళు కూడా ఆమెను మాన్పించారట. ఇది అతని భార్య క్రిస్టీనా దారిలో చెప్పింది.

ఇంటికొచ్చి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంటే క్రిస్టీనా కూర తరుగుతూ చూసింది.

"ఏంది ఆ నడక? కూచుంటే కూచో, లేదా బయటికన్నా పో. గచ్చు అరిగిపోద్ది."

"మా అమ్మకి కారం చేతులు మండితే ఏం చేసేది, గుర్తుందా నీకు?"

"గుర్తు లేకేం? పెళ్ళైన కొత్తలో నేనే గిన్నెలో మజ్జిగ పోసి ఇచ్చేదాన్ని. చేతులు ముంచుకుని తెల్లార్లూ ఊదుకుంటా కూచునేది పాపం. ఎన్ని రాసినా పోయేది కాదు."

ప్రేమదాసు ఆగిపోయాడు. పోయేది కాదు. కారం అంతే, చెయ్యి ఎక్కడ పెట్టినా, ఎక్కడి నుంచి తీసినా, మంట చేతితోనే వస్తుంది. కొండమ్మ మొదటి రోజే చెప్పింది: తీస్తే పోద్ది. ఆ మాట తన చెవిన పడింది. పడ్డ మాటను పక్కన పెట్టి, తనకు పనికొచ్చే మాట పైకి తీశాడు.

"రేపటి నుంచి ఆడిటరు గారింట్లో ఎవరో కొత్త పనమ్మాయి చేరుతోందట," అంది క్రిస్టీనా. "హీనా అని. కడుపుతో ఉందంట పాపం. అయినా చేయక తప్పదు."

అతను చొక్కా కూడా మార్చుకోకుండా సంచి తీసుకున్నాడు.

"సర్వీసు చూడాలమ్మా," అని బాలసరస్వతికి చెప్పి లోపలికి వెళ్ళి, ముందుగా ఆ రబ్బరు పట్టాను కాలితో దూరంగా జరిపాడు. చెంబుతో గచ్చు మీద నీళ్ళు పోశాడు. మిషను స్విచ్ వేసి, వట్టి కాళ్ళతో ఆ తడిలో నిలబడి, అరచెయ్యి వెనక్కి తిప్పి వేళ్ళ వెనక భాగం మిషనుకు ఆనించాడు.

జివ్వుమంది. మోచేతి దాకా వచ్చింది. తీశాడు, పోయింది.

బాలసరస్వతి గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఏమిటది? చెయ్యి అలా లాగావేం?"

ప్రేమదాసు మిషను ప్లగ్గు ఊడదీసి, బల్బు వైర్లు సాకెట్టు కింది రెండు రంధ్రాల్లో పెట్టాడు. బల్బు ధగ్గున వెలిగింది. ఒక వైరు తీసి పై పెద్ద రంధ్రంలో పెట్టాడు. ఎర్త్ బాగుంటే ఇక్కడా అలాగే వెలగాలి. చీకటి. వైరు కదిపాడు, గుచ్చి చూశాడు. చీకటే.

"మీ ఇంటికి ఎర్త్ లేదమ్మా."

"ఎందుకు లేదు? ఇల్లు కట్టినప్పుడే గొయ్యి తీసి, బొగ్గులూ ఉప్పూ వేయించారు. గేటు పక్కనే ఉండేది."

"ఉండేదంటే?"

"కారు పెట్టుకోవడానికి చలికాలంలో అక్కడంతా టైల్సు వేయించాం కదా."

ప్రేమదాసు గేటు దగ్గరికి వెళ్ళి గోడ వెంట వంగి వెతికాడు. టైల్సుకు జానెడు పైన ఇనప బద్దె ఒకటి గోడలోంచి బయటికి వచ్చి, అక్కడికక్కడే తెగిపోయి ఉంది. అడ్డం వచ్చిందని మేస్త్రి కోసేశాడు. ఆ పైన రంగు కూడా వేశారు.

"ఇలాంటి మిషను ఏదైనా కొద్దిపాటి కరెంటును బాడీలోకి వదుల్తూనే ఉంటుందమ్మా. అది దాని తయారీలోనే ఉంది. ఎర్త్ ఉంటే నేలలోకి పోతుంది. లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకునే దాకా అక్కడే ఉంటుంది. మీ కాళ్ళకి చెప్పులున్నాయి. కొండమ్మత్తకి లేవు. ఇవాళ జివ్వుమని ఊరుకుంటోంది. ఈ ఉప్పు నీళ్ళకి లోపల కాయిల్ చిట్లిన రోజున ఊరుకోదు. మనిషి పోతుంది."

వెనకే వచ్చిన బాలసరస్వతి వంగి, తెగిన బద్దె మీది రంగును గోటితో గీకింది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది. "అయితే మా పాత మిషనుకు ఏమీ కాలేదన్నమాట."

"కాలేదమ్మా."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

ఇప్పుడే తెలిసిందని అనవచ్చు. అంటే నమ్ముతుంది. ఆడిటరు గారి గుమ్మం నిలుస్తుంది. నోటి దాకా వచ్చిన మాటను ప్రేమదాసు ఒక్క క్షణం అక్కడే ఉంచి, వెనక్కి మింగాడు.

"తీసుకెళ్ళిన రోజు సాయంత్రమే."

ఆమె గొంతు పెంచలేదు. "గొయ్యి బాగు చెయ్యి. మా పాతది తెచ్చి పెట్టు, కొత్తది తీసుకెళ్ళు. ఆ తర్వాత మళ్ళీ రావద్దు." గుమ్మం ఎక్కబోతూ ఆగింది. "కొండమ్మను రమ్మను."

రెండు టైల్సు పగలగొట్టి, కొత్త గొయ్యి తవ్వించి, రాగి పలక దింపి, బొగ్గులూ కల్లుప్పూ పొరలు పొరలుగా వేసి, నీళ్ళు పోసుకోవడానికి ఒక గొట్టం నిలబెట్టాడు. బిందెలతో నీళ్ళు పోస్తే ఎండిన నేల గుటకలు వేస్తూ తాగింది. సాకెట్టులో బల్బు నిండుగా వెలిగాక పాత మిషను దించి, కొత్తది ఆటోకెక్కించుకున్నాడు. వాడిన సరుకుకు డీలరు ఎంత కోత పెడతాడో తెలుసు. సింగరాయకొండ మనిషికి లేదని చెప్పేశాడు. ఆయన నాలుగు మాటలు అన్నాడు, పడ్డాడు.

సాయంత్రం కొండమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె గడపలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. విన్నది అంతా వింది. చేట పక్కన పెట్టలేదు.

"నీకు తెలిసే అన్నావా, తెలవక అన్నావా?"

"తెలిసే అత్తా."

"అట్టా చెప్పు." ఒక మెరిక తీసి అవతల పారేసింది. "ఆ ఇంటికి పోతానో పోనో అది నా ఇష్టం. నీతో నాకు పని వేరే ఉంది. రేపు కల్లానికి రా. నాకు పేరు పెట్టినోళ్ళంతా ఆడే ఉంటారు. ఇప్పుడు నాకు చెప్పింది వాళ్ళకి చెప్పు."

"వాళ్ళందరూ నా దగ్గర కొనేవాళ్ళు అత్తా."

"అందుకే వాళ్ళకి చెప్పు."

కల్లం ఊరి చివర పత్తి చేల పక్కన ఉంది. కనుచూపు మేర ఎర్రగా మిరపకాయలు ఎండుతున్నాయి. పట్టాల నీడలో ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని తొడిమలు విరుస్తున్నారు. అడుగు పెట్టగానే ప్రేమదాసుకు తుమ్ములు మొదలయ్యాయి.

"అమ్మో, సేటు గారొచ్చారు! నీ ఘాటుకి మేం తట్టుకోలేం గానీ మా ఘాటు నువ్వు తట్టుకో!" అంది నజ్మీన్ అనే పడుచు. నవ్వులు లేచాయి. "కరెంటు కొండమ్మ కోసం వచ్చాడే! వైర్లు తెచ్చావా అబ్బాయ్?"

కొండమ్మ తల ఎత్తలేదు. తొడిమలు విరుస్తూనే ఉంది.

ప్రేమదాసు సంచి కింద పెట్టాడు. దాచకుండా, సాగదీయకుండా చెప్పాడు. ఆడిటరు గారింటి మిషనుకు నిజంగానే కరెంటు వచ్చిందనీ, కొండమ్మ చెప్పిందే నిజమనీ, తెలిసి కూడా తన సరుకు కోసం కారం చేతులని తానే అబద్ధమాడాననీ. చెప్తుండగానే విరిచే చప్పుడు ఒక్కో వరసలో తగ్గుతూ వచ్చింది.

ముందుగా తిట్లు వస్తాయనుకున్నాడు. ఒకటి రెండు వచ్చాయి. "సిగ్గు లేదంట్రా, మీ అమ్మ కూచున్న కల్లం ఇది," అంది ఒక ముసలామె. అంతటితో ఆగింది. నజ్మీన్ చేతిలో కాయ కింద పెట్టింది.

"మా ఫ్రిజ్ తలుపు తీస్తే నాకూ జివ్వుమంటది. కారం అనుకున్నా ఇన్నాళ్ళూ."

"తీస్తే పోద్దా?" అన్నాడు ప్రేమదాసు.

"పోద్ది."

"మా గ్రైండరు కూడా," అంది ఇంకొకామె. "నా కోడలు చెప్తే చేతులు కడుక్కోమన్నా." "మా ఇంట్లో బీరువాకి కూడా, కూలరు దాన్ని ఆనుకుని ఉంటే." ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. చెప్పేటప్పుడు ప్రతి ఒక్కరూ తమ అరచేతుల వైపు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళే తమ చేతులనే అనుమానించారు. అబద్ధం తను కొత్తగా కనిపెట్టాననుకున్నాడు ప్రేమదాసు. అది ఇక్కడ అందరి ఇళ్ళలోనూ ముందే ఉంది. తను ఒకసారి వాడుకున్నాడు, అంతే.

చివరి వరసలో సర్దార్‌బీ అనే ఆమె ఉంది. ఒడిలో కాయలు దులిపి, లేచి దగ్గరికి వచ్చింది.

"బోరు మోటారుకి కూడా అట్టాగే వస్తదా నాయనా?"

"వస్తది పిన్నీ."

"మా ఆయన దాని దగ్గరే పడిపోయాడు పోయినేడు. గుండె ఆగిందన్నారు." ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అక్కడ అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి. "చూస్తే తెలుస్తదా?"

"ఆయన సంగతి ఇప్పుడు తెలవదు పిన్నీ. మోటారు సంగతి తెలుస్తది."

"మా వాడు రోజూ దాంతోనే నీళ్ళు పెడతన్నాడు."

కొండమ్మ అప్పుడు లేచింది. చేతులు దులుపుకుని, ప్రేమదాసు సంచి వైపు గడ్డంతో చూపించింది. "ఆ బల్బు తెచ్చావా లేదా? నడు మరి, నిలబడ్డావేం."

ఆ సీజనుకు ప్రేమదాసు లెక్క ఇలా తేలింది. పాత మిషను పోయింది. కొత్తదాని మీద మిగలాల్సింది పోయింది. సింగరాయకొండ బేరం పోయింది. ఆడిటరు గారి గుమ్మం పోయింది, దాని వెంట వచ్చే మిల్లుల వాళ్ళూ పోయారు. ఊళ్ళో ఉన్న మాటలో ఎంత మిగిలిందో ఇంకా తెలియలేదు. చేతికి వచ్చినవి: సర్దార్‌బీ బోరు మోటారు, ఎర్త్ వైరే లేకుండా. నజ్మీన్ ఫ్రిజ్, పై పెద్ద పిన్ను కోసేసిన ప్లగ్గుతో. ఒక గ్రైండరు, ఒక కూలరు, ఒక ఇనప బీరువా, ఇంకా పేర్లు చెబుతూనే ఉన్న మనుషులు. వెంట నడుస్తూ, ప్రతి గడపలోనూ అతనికన్నా ముందు చెప్పులు విడిచి, చెయ్యి ముందుకు చాచబోయే కొండమ్మ. ప్రతిసారీ ఆ చేతిని పక్కకు జరిపి తన చెయ్యి పెట్టాల్సి వచ్చేది.